పాత ట్రాక్టర్ వెనక చక్రం దగ్గర ఆయిల్ కారుతోందా? నాలుగేళ్ల లీకేజీ మూడు రోజుల్లో ఇలా ఆగింది



పైన వీడియోలో ఈసారి జీవామృతం డ్రమ్ము లేదు, ఆవు లేదు. 1997 మోడల్ ట్రాక్టర్ ఒకటి వెనక చక్రాలు ఊడదీసి చెక్క దిమ్మల మీద నిలబడి ఉంటుంది. ప్రకృతి వ్యవసాయం వీడియోల్లో ఇదేంటి అనుకోకండి. మన చేలోకి యూరియా బస్తా రానివ్వం. పక్క చేలో మందు కొడితే గాలికి మన వైపు వస్తుందేమోనని గట్టు పొడవునా జొన్న, సజ్జ వేసుకుంటాం. అదే చేలోకి ఏడాదికి పది పదిహేనుసార్లు ట్రాక్టర్ దిగుతుంది. అది పని చేసి వెళ్తూ వెళ్తూ ఏం వదిలి వెళ్తుందో వంగి చూసేవాళ్లు తక్కువ.

బండి నాది కాదు, మా బాబాయిది. తెనాలి వైపు డెల్టాలో మా ఊరు. నాకు నాలుగున్నర ఎకరాలు సొంతం, ఇంకో మూడు కౌలు. సార్వాలో వరి, దాని వెనక మినుము, గట్ల మీద కంది. పండిన బియ్యం, మినప్పప్పు నేనే ప్యాక్ చేసి విజయవాడ, హైదరాబాద్ ఇళ్లకు పంపుతాను. ఈ కాస్త భూమికి సొంత ట్రాక్టర్ కొంటే ఈఎంఐ కట్టడానికే పంట చాలదు. అందుకే దమ్ముకీ, రొటోవేటర్‌కీ, ట్రాలీకీ బాబాయి బండే. 35 హార్స్‌పవర్. ఆయన ఆరెకరాలు, నా ఏడున్నర, ఊళ్లో ఇంకో పాతిక ముప్ఫై ఎకరాలు దాని మీదే నడుస్తాయి. ఇంజన్ ఇప్పటికీ గట్టిది. చలికాలం తెల్లవారుజామున కూడా ఒక్క సెల్ఫ్‌కు అందుకుంటుంది.

కారేది వెనక యాక్సిల్ దగ్గర. రెండు వెనక చక్రాల లోపలి వైపు, డ్రమ్ము కింద నుంచి, నల్లగా జిడ్డుగా. నాలుగేళ్ల నుంచీ ఇదే వరస. మధ్యలో రెండుసార్లు ఎడమ వైపు సీలు మార్పించాడు బాబాయి. మార్చిన నెలకో రెణ్నెల్లకో మళ్లీ మొదలు. ఆ తర్వాత ఆయన దాన్ని వదిలేశాడు. అడిగితే ఒకటే మాట.

"ఆయిలు కారట్లేదంటే లోపల ఆయిలు లేనట్టు రా. కారుతుందంటే ఉన్నట్టేగా."

ఈ జోకు మీ ఊళ్లో కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

ఆయన వైపు నుంచి చూస్తే వాయిదా వేయడానికి కారణాలు లేకపోలేదు. యాక్సిల్ విప్పాలంటే బండి రెండు మూడు రోజులు ఆగిపోవాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా దమ్ములు. అప్పుడు ఒక రోజు బండి ఆగితే పది మంది రైతులు ఇంటి ముందు నిలబడతారు. తర్వాత ఎరువుల తోలకాలు, వరి కోతలు, ధాన్యం తోలకాలు, మినుము. ఖాళీ దొరికేది మార్చి చివరి నుంచి మే లోపల. ఆ రోజుల్లో మేస్త్రీల దగ్గర బండ్లు వరస కట్టి ఉంటాయి, ఇంట్లో పెళ్లిళ్లు ఉంటాయి. అలా ఒక ఎండాకాలం పోయిందంటే ఇంక వచ్చే ఎండాకాలమే.

మా పీజీఎస్ గ్రూపులో ఏటా ఒకరి పొలం ఇంకొకరం వెళ్లి చూస్తాం. ఈసారి నా పొలానికి వచ్చిన వాళ్లలో ఒక అక్క, కొట్టం పక్కన బండి నిలబెట్టే చోట నల్ల మచ్చ చూసి, "తమ్ముడూ, ఇక్కడ మినుము ఎందుకు మొలవలేదు?" అని అడిగింది. చాప పరిచినంత మేర నేల నల్లబడి ఉంది. చెంబుతో నీళ్లు పోస్తే ఇంకలేదు, తామరాకు మీద బొట్లలా దొర్లిపోయాయి. ఆమె కాగితం మీద ఏమీ రాయలేదు. కానీ నేను పంపే బియ్యం సంచి మీద "రసాయనాలు లేవు" అని నా పేరుతో అచ్చు వేస్తున్నాను. ఆ ప్రశ్నకు బండి మాది కాదండీ అని చెప్పి తప్పించుకోలేను కదా.

చుక్కలు లెక్కపెడితే

ఆ సాయంత్రం పని అయ్యాక బండి కింద అట్టపెట్టె ముక్క పరిచి ఫోన్‌లో టైమర్ పెట్టాను. రెండు వైపులా కలిపి నిమిషానికి సుమారు పది చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుందాం. గంటకు 600 చుక్కలు, అంటే 30 మిల్లీలీటర్లు. ఎనిమిది గంటల పనికి 240. ఒక క్వార్టర్ సీసా కంటే ఎక్కువే. బాబాయి బండి ఏడాదికి ఎనభై, తొంభై రోజులు తిరుగుతుంది. 85 రోజులు వేసుకున్నా 20 లీటర్లు దాటుతుంది.

నా లెక్క నిజమా కాదా అని పిన్నిని అడిగాను, డబ్బు లెక్కలు ఆమె దగ్గర ఉంటాయి కాబట్టి. "ఏటా ఒక బకెట్ ఆయిల్ కొనటంలా, పోసుకోటానికి" అంది. బకెట్ అంటే 20 లీటర్లు. సరిగ్గా సరిపోయింది. అంతా నా చేలోనే పడిందని కాదు. సగం రోడ్ల మీద, మిగతాది ఇరవై మంది చేలల్లో. కానీ ఎక్కడో ఒకచోట నేల మీదే కదా పడింది.

బకెట్ 4,700 చొప్పున నాలుగేళ్లకు 18,800 రూపాయలు. ఈ అంకె చెబితే బాబాయి ఒప్పుకుంటాడనుకున్నా. "ఏడాదికి ఐదు వేలు పోతే పోయింది, ఒక్కసారి ఇరవై వేలు ఎవడిస్తాడు?" అన్నాడు. అదీ నిజమే. రైతు ఇంట్లో ఐదు వేలు నాలుగుసార్లు దొరుకుతుంది, ఇరవై వేలు ఒక్కసారి దొరకదు.

ఆయన్ని కదిలించింది ఆయిల్ ఖర్చూ కాదు, నా నేలా కాదు. బ్రేకు.

ఆయిల్ కారితే బ్రేకుకు ఏం సంబంధం?

ఇది అందరూ శ్రద్ధగా చదవండి. కొత్త ట్రాక్టర్లలో బ్రేకులు ఆయిల్‌లోనే మునిగి ఉండే రకం. వాటికి ఈ బాధ లేదు. పాత బండ్లు చాలావాటిలో బ్రేకులు పొడిగా ఉండాల్సినవి. మా బాబాయి బండి లాంటి వాటిలో వెనక యాక్సిల్ గొట్టం చివర, చక్రం పక్కనే బ్రేకు డ్రమ్ము ఉంటుంది. లోపల గేర్ ఆయిల్ బయటకు రాకుండా ఆపేది రబ్బరు సీలు ఒక్కటే. అది దెబ్బతింటే ఆయిల్ నేల మీద పడే ముందు బ్రేకు లైనింగ్‌ను తడుపుతుంది. మనకు కింద చుక్క కనిపించిందంటే లోపల లైనింగ్ అప్పటికే నానిపోయి ఉంటుంది.

రెండు వైపులా సమానంగా తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ తడిస్తే అసలు ప్రమాదం అప్పుడే. రెండు పెడళ్లూ లాక్ వేసి కలిపి తొక్కినా, పొడిగా ఉన్న వైపు చక్రం ఆగుతుంది, తడిసిన వైపు చక్రం తిరుగుతూనే ఉంటుంది. బండి ఆగిన చక్రం వైపుకు గిరుక్కున తిరుగుతుంది.

మొన్న మినుము పీకుడు రోజు అదే జరిగింది. ట్రాలీలో కట్టె మీద పిన్ని, ఇంకో ఐదుగురు ఆడవాళ్లు. కాలువ గట్టు మీద ఎదురుగా మోటార్ సైకిల్ వస్తే బాబాయి బ్రేకు తొక్కాడు. ఎడమ చక్రం పట్టలేదు, కుడిది పట్టింది. కుడి పక్కన కాలువ. బండి ముక్కు అటు తిరిగి, ముందు చక్రం గట్టు అంచు దిగి ఆగింది. నెమ్మదిగా వస్తున్నాడు కాబట్టి అందరూ దిగి నడిచి ఇంటికొచ్చారు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించుకోకూడదని రూల్ ఉంది, ఊళ్లలో జరిగేది మీకూ తెలుసు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లాలో మిర్చి కూలీల ట్రాక్టర్ ఏఎంఆర్ ప్రాజెక్టు కాలువలో పడిన వార్త మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడి సంగతి వేరు, మా గట్టు సంగతి వేరు. కానీ ఆ రాత్రి మా ఇంట్లో అందరికీ గుర్తొచ్చింది అదే.

"బండి బాగుచేయించేదాకా నేను దాని మీద ఎక్కను, ఎవరినీ ఎక్కనివ్వను" అని పిన్ని ఒక్క మాట అంది. బాబాయి మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆ మేస్త్రి నంబరు ఉందన్నావుగా, మాట్లాడు."

మేస్త్రి దగ్గర మూడు రోజులు

ఇంటి దగ్గరే చింతచెట్టు కింద విప్పుదాం అన్నాడు బాబాయి. నేను ఒప్పుకోలేదు. మట్టి నేల మీద విప్పితే లోపలున్న ఆయిల్‌లో కొంత ఎలాగూ ఒలుకుతుంది, పైగా విప్పిన బేరింగుల మీద దుమ్ము పడుతుంది. కల్లం సిమెంటుదే, కానీ దాని మీద ధాన్యం ఆరబోస్తాం. అందుకని తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న మేస్త్రి షెడ్డుకే తీసుకెళ్లాం. ట్రాలీ లేకుండా, లో గేర్‌లో, పొద్దున ఆరింటికి రోడ్డు మీద జనం లేనప్పుడు. గంటన్నర పట్టింది.

మేస్త్రి గారికి అరవై దాటాయి. ముందు చక్రం విప్పలేదు. డిప్‌స్టిక్ తీసి వాసన చూశాడు, వేలికి రాసుకుని ఎండలో చూశాడు. ఆయిల్ పాల టీ రంగులో ఉంది. "నీళ్లు కలిశాయి" అన్నాడు. దమ్ములో ఇనప చక్రాలు వేసుకుని గంటల తరబడి బురదలో తిరిగే బండ్లలో ఇది మామూలు. బయటికి ఆయిల్ వచ్చే దారిలోనే లోపలికి బురదనీళ్లు వెళ్తాయి. నీళ్లతో పాటు వెళ్లే సన్న ఇసుక సీలు అంచును, షాఫ్ట్‌ను రెండింటినీ అరగదీస్తుంది. డెల్టాలో ట్రాక్టర్ల వెనక సీళ్లు మెట్ట ప్రాంతం బండ్ల కంటే ముందే పోవడానికి అసలు కారణం దమ్మే.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "రెండుసార్లు సీలు మార్చారంటున్నారు. ఎందుకు పోయిందో చూశారా, సీలే మార్చారా?"

యాక్సిల్ హౌసింగ్ పైన చిన్న మూత లాంటిది ఉంటుంది, బ్రీదర్ అంటారు. కొన్ని బండ్లలో డిప్‌స్టిక్ మూతలోనే దానికి సన్న రంధ్రం ఉంటుంది. బండి పని చేస్తుంటే లోపల ఆయిల్ వేడెక్కి, గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి బయటకు పోయేది ఈ బ్రీదర్‌లోంచే. బాబాయి బండిలో అది ఎన్నేళ్ల నుంచో బురద, గ్రీజు కలిసి గట్టిపడి రాయిలా మూసుకుపోయింది. ఇంక లోపలి గాలికి బయటపడే దారి ఒకటే, సీలు అంచు. గాలి నెడుతుంటే ఎంత కొత్త సీలైనా ఆయిల్ ఆపలేదు. వీడియోలో మేస్త్రి గారు బ్రీదర్‌ను మేకుతో పొడిచి చూపించే చోట, ఆ మట్టి ముక్క ఎలా రాలిందో చూడండి.

ఇది ఇంటి దగ్గర మీరే చూసుకోవచ్చు. ఒక గంట పని చేశాక బండి ఆపి, డిప్‌స్టిక్ నెమ్మదిగా వదులు చేయండి. బుస్సుమని గాలి వస్తే బ్రీదర్ మూసుకుపోయినట్టే. శుభ్రం చేయడానికి కాస్త డీజిలు, పాత టూత్ బ్రష్ చాలు.

నీళ్లు కలిశాయో లేదో చూసుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. రాత్రంతా బండి కదలకుండా ఉంచి, పొద్దున స్టార్ట్ చేయకముందే కింద డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి, ముందు అవే వస్తాయి. మా బండికి దాదాపు అర లీటరు నీళ్లు వచ్చాకే ఆయిల్ మొదలైంది. ఆయిల్ పూర్తిగా తెల్లబడిపోతే ఈ పద్ధతి కూడా పనిచేయదు, అప్పటికే కలిసిపోయి ఉంటాయి.

చిన్న మాట. బాబాయి బండి లాంటి పాత బండ్లలో గేర్లకు, హైడ్రాలిక్ లిఫ్టుకు ఒకటే ఆయిల్. హారీ ఫెర్గూసన్ అనే ఐర్లాండ్ ఇంజనీరు మూడు పాయింట్ల లింకేజీని, హైడ్రాలిక్ లిఫ్టును ట్రాక్టర్‌కు జత చేసినప్పటి వరసలో వచ్చినవి ఇవి. మేం అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో చదివింది పరీక్ష కోసం, దాని అర్థం ఈ షెడ్డులో తెలిసింది. బురదనీళ్లు కలిసిన ఆయిల్ గేర్లనే కాదు, లిఫ్టు పంపును కూడా తినేస్తుంది. రొటోవేటర్ ఎత్తితే మెల్లగా దిగిపోతోందని బాబాయి అంటుండేవాడు. దానికీ ఈ ఆయిల్‌కే లింకు ఉండొచ్చని మేస్త్రి అన్నాడు. ఆయిల్ మార్చాక కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

రెండో రోజు చక్రాలు విప్పారు. ఈ చక్రాల్లో బరువు కోసం నీళ్లు నింపి ఉంటాయి. ఒక్కో చక్రం మీద పడితే మనిషి లేవడు. జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా యాక్సిల్ కింద దిమ్మలు పెట్టారు, ముందు చక్రాలకు రెండు వైపులా ఓటు రాళ్లు పెట్టారు. ఇటుకలు మాత్రం పెట్టొద్దు, బరువుకు పగిలిపోతాయి.

డ్రమ్ములు తీశాక లోపల చూస్తే లైనింగులు ఆయిల్ పీల్చి తళతళలాడుతున్నాయి. పెట్రోలుతో కడిగి మళ్లీ వేద్దామా అని బాబాయి అడిగాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. పైన ఆరినట్టు కనిపిస్తుంది, రెండుసార్లు బ్రేకు తొక్కి వేడెక్కగానే లోపల పీల్చుకున్న ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. రెండు వైపులా కొత్తవే వేశారు. ఒక్క వైపే మార్చడం ఇంకా ప్రమాదం.

యాక్సిల్ షాఫ్ట్‌లు లేతు షాపుకు వెళ్లాయి. బేరింగ్ బిగుతుగా ఎక్కించి ఉంటుంది కాబట్టి ప్రెస్ మీద తీయాలి, సుత్తితో కొట్టి తీస్తే బేరింగ్ పోతుంది. బేరింగులు బాగానే ఉన్నాయి. కానీ సీలు కూర్చునే చోట షాఫ్ట్ మీద గోటికి తగిలేంత గాడి పడింది. రెండోసారి సీలు మార్చినప్పుడు కూడా కొత్త సీలు అంచు వెళ్లి ఆ గాడిలోనే కూర్చుంది. సీలు కొత్తది, అది ఆనుకునే చోటు పాతది. ఎంతకని ఆగుతుంది?

దీనికి పల్చని ఇనప తొడుగు దొరుకుతుంది, స్లీవ్ అంటారు. అది గాడి మీద ఎక్కిస్తే షాఫ్ట్ మళ్లీ నున్నగా అవుతుంది. మా మండలంలో దొరకలేదు. విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి తెచ్చాను. సీలు కొనేటప్పుడు బండి మోడల్ ఒక్కటే చెప్పకండి, పాత సీలు చేతిలో పట్టుకెళ్లండి. దాని మీద లోపలి కొలత, బయటి కొలత, మందం అచ్చు వేసి ఉంటాయి. లోపల ఆయిల్ ఆపే అంచుతో పాటు బయట దుమ్ము ఆపే రెండో అంచు కూడా ఉన్న రకం అడగండి. దమ్ము చేసే బండికి అదే కావాలి.

బిగించేటప్పుడు స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకు ఉండాలి. అంచుకు కాస్త ఆయిల్ రాయాలి. పొడిగా ఎక్కిస్తే మొదటి కిలోమీటరులోనే రబ్బరు కాలిపోతుంది. చుట్టూ సమానంగా దిగేలా అదే కొలత పైపు ముక్క పెట్టి మెల్లగా కొట్టాలి. ఇదంతా వీడియోలో దగ్గర నుంచి తీశాను. వెలుతురు సరిగా లేదు, సర్దుకోండి.

మూడో రోజు మధ్యాహ్నానికి బండి నిలబడింది. మేస్త్రి గారు ఖాళీ స్థలంలో మెల్లగా నడిపి, పెడళ్లు కలిపి తొక్కి, దిగి వెనక్కి నడిచి చక్రాల గీతలు చూశాడు. ఎడమది పొట్టిగా ఉంది. మళ్లీ బిగించాడు. నాలుగోసారికి రెండు గీతలూ సమానంగా వచ్చాయి.

తీసిన ఆయిల్ ఏం చేశాం?

ఇక్కడే బాబాయికీ నాకూ చిన్న వాదన. ముప్ఫై లీటర్ల పైన పాత ఆయిల్ వచ్చింది. ఊళ్లో దాన్ని వదలరు. గుంజలకు చెదలు పట్టకుండా పూస్తారు, గట్ల మీద గడ్డి చావడానికి పోస్తారు, దోమలకని మురుగ్గుంటల్లో పోస్తారు. మన వాళ్లలో కొందరు పసుపు అట్టలకు జిగురు బదులు ఇదే రాస్తున్నారు. దయచేసి రాయకండి. వానకు కారి పంట మీద, నేల మీద పడేది అదే. అట్టలకు ఆముదం రాయండి. గుంజలకైతే మన తాతలు చేసినట్టు మట్టిలో దిగే భాగం బాగా కాల్చి పాతండి.

వాడేసిన ఆయిల్ మన దేశంలో 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. ఎక్కడపడితే అక్కడ పారబోసేది కాదు. మేస్త్రి గారి దగ్గర ఆయిల్ డ్రమ్ము ఉంది, నిండాక రీసైక్లింగ్‌కు కొనుక్కెళ్లేవాళ్లు వస్తారు. అందులో పోసి వచ్చాం.

ఇంక కొట్టం పక్కన ఆ నల్ల మచ్చ. "జీవామృతం పోస్తే సరిపోదా అన్నా?" అని వాట్సాప్‌లో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. నేలలో నూనెను తినే బ్యాక్టీరియా ఉన్న మాట నిజమే, మనం వాడే సూడోమోనాస్ జాతిలోనూ అలాంటివి ఉన్నాయి. కానీ మూడు ఇబ్బందులు. మొదటిది, లూబ్రికెంట్ ఆయిల్ చిక్కనిది, చాలా నిదానంగా విరుగుతుంది. రెండోది, ఆ సూక్ష్మజీవులకు ఆయిల్ నుంచి కర్బనం దండిగా దొరుకుతుంది కానీ నత్రజని దొరకదు. దాన్ని చుట్టూ ఉన్న నేల నుంచి లాక్కుంటాయి, అందుకే మచ్చ అంచున మొక్కలు పసుపెక్కుతాయి. మూడోది, గేర్ల అరుగుదలలో వచ్చిన ఇనప రజను, ఆయిల్‌లో కలిపే జింకు లాంటివి ఏ బ్యాక్టీరియా తిన్నా మాయం కావు. నేలలోనే ఉంటాయి.

అందుకని గడ్డపారతో జానెడు లోతు తవ్వి, నల్లగా ఉన్నంతవరకూ మట్టి ఎత్తేశాను. పదకొండు తట్టలు వచ్చింది. దాన్ని కంపోస్టు గుంతలో వేయలేదు. పాత సిమెంటు తొట్టిలో ఊక, పేడ కలిపి, తడి ఆరకుండా, నెలకోసారి తిరగేస్తున్నాను. అది ఎప్పటికి బాగుపడినా పంట చేలోకి రాదు, దారి గుంతలకు వాడతాను. తవ్విన చోట చెరువు మట్టి పోసి జీలుగ చల్లాను. ఇకముందు బండి నిలబెట్టే చోట పాత రేకు పరిచి, దాని మీద ఊక పోశాం. కొత్తగా చుక్క పడితే ముందు కనిపించేది అక్కడే.

ఎంతైంది, ఎవరు పెట్టుకున్నారు?

సీళ్లు నాలుగు 1,160. బ్రేకు లైనింగులు రెండు వైపులా 1,800, స్ప్రింగులు 380. స్లీవ్‌లు రెండు 1,300. బ్రీదర్ కొత్తది 120. ఆయిల్ రెండు బకెట్లు 9,400. లేతు షాపు 700. మేస్త్రి కూలి 4,500. మొత్తం 19,360 రూపాయలు. మీ దగ్గర ధరలు కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఇందులో సగం ఆయిలే. సీళ్ల ఖర్చు చూడండి, మొత్తంలో పదో వంతు కూడా లేదు.

పది వేలు నేను ముందు పెట్టాను. ఈ సీజన్ దమ్ము, రొటోవేటర్ కిరాయిలో కొంచెం కొంచెంగా తగ్గించుకునేలా మాట్లాడుకున్నాం. బాబాయి మొదట ఒప్పుకోలేదు. "నా బండికి నువ్వు పెట్టేదేందిరా" అన్నాడు. "బండి నీదే బాబాయ్, అది తిరిగే నేల నాది కూడా కదా" అంటే కాసేపు మాట్లాడలేదు. చివరికి పిన్ని నోటు పుస్తకంలో రాసుకుంది, అంటే ఒప్పందం కుదిరినట్టే.

ఒక మాట చెప్పాలి. మనలో ఎక్కువమందిమి ట్రాక్టర్ కిరాయికి తెచ్చుకునేవాళ్లమే. డ్రైవర్‌ను నీ బండి కారుతోంది, రావద్దు అంటే అతను పక్క రైతు దగ్గరికి పోతాడు, దమ్ము రోజుల్లో మనమే వెనకబడతాం. గొడవ పడటం కంటే ఎండాకాలంలో నలుగురు రైతులు కలిసి రిపేరుకు అడ్వాన్సు ఇచ్చి, కిరాయిలో పట్టుకోవడం నాకు మేలనిపించింది. మీ ఊళ్లో ఇంకో పద్ధతి ఉంటే రాయండి.

బండి వచ్చిన మూడో రోజు నవధాన్యాలు చల్లడానికి రొటోవేటర్ వేశాం. పైపైన, రెండు మూడు అంగుళాలకు మించకుండా. సాయంత్రం బండి కింద మళ్లీ అట్ట పరిచాను. పొద్దున చూస్తే కుడి వైపు పొడిగా ఉంది. ఎడమ వైపు రూపాయి బిళ్లంత మరక. మేస్త్రికి ఫొటో పంపితే, అది డ్రమ్ము లోపల మిగిలిన పాత జిడ్డు కారడం, వారం చూడమన్నాడు. వారానికి ఆగింది.

అసలు పరీక్ష జులైలో. కాలువలకు నీళ్లు వదిలాక, ఇనప చక్రాలు వేసుకుని ఇరవై రోజులు బురదలో తిరిగాక, డ్రెయిన్ బోల్టు వదులు చేసి ముందు నీళ్లొస్తాయా ఆయిలొస్తుందా చూడాలి. అది కూడా వీడియో తీసి పెడతాను. ఈలోగా మీ బండికి, లేదా మీ చేలోకి వచ్చే బండికి బ్రీదర్ ఎక్కడుందో వెతికి, అది మూసుకుపోయి ఉంటే ఫొటో తీసి వీడియో కింద పెట్టండి. మోడల్ పేరు కూడా రాస్తే, అదే బండి ఉన్న ఇంకో రైతుకు వెతుక్కునే పని తప్పుతుంది.